పని మధ్యలో భోజనం: పొడి కలుపుకొని తాగితే సరిపోతుందా?

పని వేళల్లో భోజనం కుదరడం లేదంటూ రాసిన ఉత్తరాలు ఈ నెల చాలా వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం నీళ్లలోనో పాలలోనో కలుపుకొని ఒక పూట భోజనానికి బదులు తాగే పొడుల గురించినవే. అన్నిటినీ ప్రచురించే చోటు లేదు కనుక నలుగురి సందేహం ఒకే చోట కలిసి వచ్చిన ఉత్తరాలను ఎంచుకున్నాను. మొదటి ఉత్తరానికి కాస్త వివరంగా జవాబు రాశాను, ఎందుకంటే మిగతా జవాబులకు కావలసిన లెక్క అందులోనే ఉంది. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి నాలుగు దాకా యూరప్ క్లయింట్లతో వరుసగా కాల్స్ ఉంటాయి. క్యాంటీన్‌కు వెళ్లి తినే వీలుండదు. రెండు నెలలుగా మధ్యాహ్నం అన్నం మానేసి, ఒక మీల్ రీప్లేస్‌మెంట్ పొడి రెండు స్కూపులు నీళ్లలో కలుపుకొని తాగుతున్నాను. సాయంత్రం ఐదయ్యేసరికి కడుపు నకనకలాడి బజ్జీలో, ఎగ్ పఫ్‌లో తినేస్తున్నాను. రాత్రి పదింటికి తిండి మీద అదుపు ఉండటం లేదు. తగ్గుతాననుకున్న బరువు రెండు కిలోలు పెరిగింది. డబ్బా మీద మాత్రం సంపూర్ణ భోజనం అని ఉంది. లోపం పొడిలో ఉందా, నాలో ఉందా? డబ్బా వెనుక వైపు ఫొటో కూడా పంపుతున్నాను.

జవాబు: ఫొటో పంపి మంచి పని చేశారు. లోపం మీ మనోనిగ్రహంలో లేదు. మీరు పంపిన వివరాల ప్రకారం రెండు స్కూపులు, అంటే 52 గ్రాముల పొడి, నీళ్లలో కలిపితే 200 కెలోరీలు, 15 గ్రాముల ప్రొటీన్, 4 గ్రాముల పీచు ఇస్తోంది. ఇప్పుడు మీరు మానేసిన భోజనాన్ని లెక్క వేద్దాం. ఒక మోస్తరు మనిషి పెట్టుకునే 200 గ్రాముల అన్నం, ఒక గరిటెన్నర కందిపప్పు, కొంచెం కూర, ఒక కప్పు పెరుగు కలిపితే సుమారు 530 కెలోరీలు, 17 గ్రాముల ప్రొటీన్, 7 గ్రాముల పీచు ఉంటాయి. ప్రొటీన్‌లో రెండూ దాదాపు ఒకటే. పీచులో సగానికి కాస్త పైగా వచ్చింది. శక్తిలో మాత్రం 330 కెలోరీల లోటు మిగిలిపోయింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2020లో సవరించిన సిఫారసుల ప్రకారం, కూర్చుని పనిచేసే 65 కిలోల పురుషుడికి రోజుకు సుమారు 2,110 కెలోరీలు కావాలి. అందులో మధ్యాహ్నం వాటాగా 200 మాత్రమే ఇస్తే శరీరం మిగతాది సాయంత్రం వసూలు చేసుకుంటుంది. ఐదింటికి మీరు తింటున్న బజ్జీలు మీ మధ్యాహ్న భోజనంలో మిగిలిపోయిన సగమే. ఆకలి అంత ముదిరాక ఏది ఎంత తింటున్నామో ఎవరికీ తెలియదు కనుక ఆ సగం కాస్తా ఒకటిన్నర అవుతోంది.

తయారుచేసేవారు పొడిలో ఇంత తక్కువ శక్తి ఎందుకు పెడతారని మీకు అనిపించవచ్చు. ఈ రకం ఆహారం పుట్టింది బరువు తగ్గాలనుకునేవారి కోసం. 1959లో అమెరికాలో మీడ్ జాన్సన్ అనే సంస్థ మెట్రికాల్ అనే పొడిని తెచ్చింది. రోజుకు నాలుగు గ్లాసులు, ఒక్కొక్కటి 225 కెలోరీలు, మొత్తం 900 కెలోరీలతో రోజంతా గడిపి బరువు తగ్గడం దాని పద్ధతి. ఆ తర్వాత వచ్చినవాటిలో చాలా భాగం ఆ దారినే నడిచాయి. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలను నిర్ణయించే కోడెక్స్ సంస్థ కూడా, బరువు నియంత్రణ కోసం ఒక పూట భోజనానికి బదులుగా అమ్మే పదార్థంలో 200 కెలోరీలకు తగ్గకుండా, 400 కెలోరీలకు మించకుండా ఉండాలని 1991 నాటి ప్రమాణంలో పేర్కొంది. మీ డబ్బాలోని పొడి ఆ కనీస హద్దు మీద ఉంది. ఆకలి తీర్చడానికి కాకుండా తిండి తగ్గించడానికి తయారైన వస్తువును పట్టుకొని, తొమ్మిది గంటల పనిదినాన్ని దాని మీద నడిపించాలని మీరు ప్రయత్నించారు. డబ్బా ముందు వైపు రాసిన మాటలు చదివితే ఈ తేడా ఎవరికీ తెలియదు. మీరు పొరపాటు పడటంలో ఆశ్చర్యం లేదు.

ఇక్కడ మరొక సంగతి చెప్పాలి. దుకాణంలో ఒకే అరలో పక్కపక్కన కనిపించే డబ్బాలన్నీ ఒక జాతివి కావు. జిమ్‌కు వెళ్లేవారు వాడే ప్రొటీన్ పొడిలో ఒక స్కూపుకు 24 గ్రాముల దాకా ప్రొటీన్ ఉన్నా కెలోరీలు 120 దగ్గరే ఉంటాయి, పీచు దాదాపు ఉండదు, విటమిన్లు ఉండవలసిన అవసరమూ లేదు. దానిని భోజనం అనుకోవడం కూర ఒక్కటే తిని లేవడం లాంటిది. చిన్నప్పటి నుంచి పాలలో కలుపుకొని తాగే మాల్ట్ పొడుల సంగతి మరీ వేరు. వాటిలో ఎక్కువ భాగం పిండి పదార్థం, చక్కెర. మన ఆహార భద్రతా చట్టంలో ‘హెల్త్ డ్రింక్’ అనే మాటకు నిర్వచనమే లేదు కనుక, ఆ పేరుతో ఉన్న విభాగంలోంచి అలాంటి పానీయాలను తీసివేయాలని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలకు సూచించింది. ఆసుపత్రిలో కోలుకునే రోగులకు ఇచ్చే పోషక పొడులు ఇంకొక జాతి. అవి వైద్యుల లెక్క ప్రకారం వాడవలసినవి. మిగిలినవి ఒక పూటకు 400 కెలోరీల చొప్పున, పీచుతో, విటమిన్లతో, ఖనిజాలతో తయారయ్యే పొడులు. పని మధ్యలో నిజంగా ఒక భోజనానికి దగ్గరగా వచ్చేవి ఇవే.

డబ్బా వెనుక ఏం చూడాలని మీరు అడగలేదు కానీ, అది తెలియకపోతే నేను చెప్పినదంతా వృథా. మొదట ఒక పూట కొలత ఎంతో చూడండి. కొన్ని డబ్బాల మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకెలు పొడిని పాలలో కలిపినప్పటివి. మీలా నీళ్లలో కలుపుకొనేవారికి ఆ అంకెలు వర్తించవు. ఆ తర్వాత పదార్థాల జాబితా చదవండి. బరువులో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాయాలన్నది నియమం. మొదటి రెండు మూడు పేర్లలో చక్కెర గానీ, మాల్టోడెక్స్‌ట్రిన్ గానీ ఉంటే ఆ డబ్బాను తిరిగి అరలో పెట్టేయండి. మాల్టోడెక్స్‌ట్రిన్ పిండి పదార్థం నుంచి తీసిన తెల్లటి పొడి. రక్తంలో గ్లూకోజును చక్కెరలాగే వేగంగా పెంచుతుంది, కానీ పోషక పట్టికలో చక్కెర అంకె కిందకు రాదు. చక్కెర తక్కువ అని ధైర్యంగా రాసుకున్న డబ్బాలోనూ అది ఉండవచ్చు. మీ డబ్బాలో మొదటి పేరు పాల ప్రొటీన్, రెండోది మాల్టోడెక్స్‌ట్రిన్. చక్కెర ఒక పూటకు 10 గ్రాములు. పాల నుంచి వచ్చినదాన్ని మినహాయిస్తే, బయటి నుంచి చేర్చే చక్కెర రోజుకు 25 గ్రాములకు లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజూ తీపి టీలు కూడా తాగేవారైతే ఆ 10 గ్రాములు కూడా బరువే.

ఇప్పుడు మీ రోజును మారుద్దాం. కొన్న డబ్బాను పారేయమని నేను చెప్పను. అయిపోయేదాకా వాడుకోవచ్చు. కాల్స్ మొదలుకాక ముందే, పన్నెండుంబావుకు, నీళ్లకు బదులు 250 మిల్లీలీటర్ల పాలలో కలపండి. దానితో మరో 150 కెలోరీలు, 8 గ్రాముల ప్రొటీన్ వస్తాయి. ద్రవం ఘనాహారం కంటే వేగంగా జీర్ణాశయాన్ని దాటిపోతుంది, నమలకుండా మింగినది తిన్న తృప్తిని అంతగా ఇవ్వదు. కనుక దానితో పాటు నోట్లో నమిలేది ఏదో ఒకటి తప్పనిసరిగా ఉండాలి. ఒక అరటిపండు, దానితో గుప్పెడు వేయించిన పల్లీలు గానీ, ఇంటి నుంచి తెచ్చుకున్న రెండు ఉడికించిన గుడ్లు గానీ చాలు. అప్పుడు మీ లెక్క 500 కెలోరీలు దాటుతుంది. నాలుగింటికి కాల్స్ అయిపోగానే, ఆకలి వేసినా వేయకపోయినా, చిన్న డబ్బాలో తెచ్చుకున్న సెనగ గుగ్గిళ్లో పెరుగన్నమో తినేయండి. ఆకలి వేళ దాటిపోయాక చచ్చిపోతుందని మనవాళ్లు అంటారు. నిజానికి అది చావదు, రాత్రి పదింటికి రెట్టింపై లేస్తుంది. నాలుగింటి తిండి పనిచేస్తోందా లేదా అన్నది మీకు రాత్రి కంచం ముందే తెలుస్తుంది. వారం రోజులు చూసి మళ్లీ రాయండి.

ఇంకొక్క మాట. మీ ఆఫీసులో ఆ మూడున్నర గంటల కాల్స్ మధ్య ఇరవై నిమిషాల విరామం అడిగి చూశారా? నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది, అడగడమే నామోషీగా భావించి, ఏళ్ల తరబడి ఆ పూట వదులుకున్నవారే. అడిగినవారిలో కొందరికి దొరికింది. అవతలి దేశంలోని సహోద్యోగి తన భోజన వేళను క్యాలెండర్‌లో గీత గీసి కాపాడుకుంటున్నప్పుడు మీరు అలాగే చేయడంలో తప్పేమీ లేదు. ఆ ఇరవై నిమిషాలు దొరికితే పొడితో పని లేదు. క్యారియర్ తెచ్చుకోండి.

ప్రశ్న: నేను విజయనగరం జిల్లాలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని. వయసు 52. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున టిఫిన్‌కు ముందు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. పిల్లల బడి భోజనం దగ్గరుండి వడ్డింపించేసరికి నా భోజనం ఒంటిగంటన్నర, ఒక్కోసారి రెండున్నర అవుతోంది. ఆ వేళకు చెమటలు పట్టి, చేతులు వణుకుతున్నాయి. షుగర్ ఉన్నవారి కోసం ప్రత్యేకంగా అమ్మే పొడిని మధ్యాహ్నం అన్నానికి బదులుగా తాగవచ్చా?

జవాబు: టీచర్ గారూ, మీరు రాసిన చెమటలూ వణుకూ అలసట వల్ల వచ్చేవి కావని నా అనుమానం. అవి రక్తంలో గ్లూకోజు పడిపోతున్నప్పటి గుర్తులు. గ్లిమెపిరైడ్ మీరు తిన్నారా లేదా అని చూడదు. క్లోమ గ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. అందుకే ఆ మాత్ర వేసుకునేవారికి భోజనం వేళ తప్పడం మిగతావారి కంటే ప్రమాదకరం. ఈసారి అలా అనిపించిన వెంటనే మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజు, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలుపుకొని తాగండి. పావుగంట తర్వాత గ్లూకోమీటర్‌తో చూసుకొని, ఇంకా తక్కువగా ఉంటే మళ్లీ అంతే తీసుకోండి. స్థిమితపడ్డాక తప్పకుండా ఏదైనా తినండి. ఆ పూట పొడిని నమ్ముకోకండి. నెమ్మదిగా జీర్ణమయ్యేలా చేసిన పొడి ఆ క్షణంలో ఉపయోగపడదు. అంకెలు రాసిపెట్టుకొని ఈ వారంలోనే మీ వైద్యుడికి చూపించండి. మాత్ర మోతాదో రకమో మార్చవలసి రావచ్చు. అది నేను ఇక్కడి నుంచి చెప్పగలిగింది కాదు.

పొడి విషయానికి వస్తే, రెండున్నరకు తినే అన్నం కంటే పన్నెండున్నరకు తాగే పొడి మీకు మేలే. అయితే డయాబెటిక్ అని రాసి ఉన్నంత మాత్రాన అందులో పిండి పదార్థం లేదని అర్థం కాదు. మొదటి నాలుగు రోజులు తాగడానికి ముందు, తాగిన రెండు గంటలకు గ్లూకోజు చూసుకోండి. థైరాయిడ్ మాత్రకూ ఈ పొడికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. పొడిలో ఉండే కాల్షియం, ఇనుము, కొన్నిటిలో ఉండే సోయా ఆ మాత్ర ఒంటపట్టకుండా చేస్తాయి. మీరు పొద్దున పరగడుపునే మాత్ర వేసుకుంటారు కనుక మధ్యాహ్నం తాగితే ఇబ్బంది లేదు. కానీ టిఫిన్‌కు బదులుగా తాగకండి. క్రియాటినిన్ పరీక్ష ఏడాదిగా చేయించుకోకపోతే ముందు అది చేయించుకోండి. మూత్రపిండాలు బలహీనపడి ఉంటే ప్రొటీన్, పొటాషియం ఎక్కువగా ఉన్న పొడి నష్టం చేస్తుంది.

నా మనసులో మాట చెప్పాలంటే, మీకు పొడి కంటే బల్ల సొరుగులో చిన్న స్టీలు డబ్బా ఎక్కువ ఉపయోగపడుతుంది. రాత్రి నానబెట్టి పొద్దున ఉడికించి పోపు పెట్టిన అలసందల గుగ్గిళ్లు గానీ, మొలకెత్తిన పెసలు గానీ ఒక కప్పు, పిల్లలు వరుసలో కూర్చునే లోపు ఐదు నిమిషాల్లో తినేయవచ్చు. వడ్డన అయ్యాక అన్నం కొంచెం తగ్గించి తినండి. పిల్లలకు వడ్డించే ముందు భోజనం రుచి చూడవలసిన బాధ్యత ఉపాధ్యాయులకు ఎలాగూ ఉంది. ఆ పిడికెడు ముద్దను కూడా మీ లెక్కలో వేసుకోండి.

ప్రశ్న: మా వారు ఆర్టీసీలో కండక్టర్. తెల్లవారుజామున నాలుగున్నరకు డిపోకు వెళితే మధ్యాహ్నం రెండు దాటాక ఇంటికి వస్తారు. మధ్యలో టీ, బిస్కెట్లే. డబ్బా పొడులు ప్రతి నెలా కొనే స్తోమత మాకు లేదు. ఇంట్లో అలాంటిది చేసుకోవచ్చా? ఎన్ని రోజులు నిలవ ఉంటుంది?

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చమ్మా. ఈ ఉత్తరం చదివి నాకు సంతోషమేసింది, ఎందుకంటే మీరు అడిగినది మన దేశానికి కొత్త కాదు. బిహార్‌లో వేయించిన సెనగల పిండిని సత్తు అంటారు. పొలానికి వెళ్లేవారు, రిక్షా తొక్కేవారు దాన్ని నీళ్లలో ఉప్పు, నిమ్మరసం, ఉల్లిపాయ ముక్కలు వేసి కలుపుకొని తాగి, ఎండలో పూట గడుపుతారు. సెనగలు ముందే వేగి ఉంటాయి కనుక ఆ పిండిని మళ్లీ ఉడికించనక్కర్లేదు. మన పుట్నాలకు కూడా ఇదే గుణం ఉంది.

పుట్నాల పప్పు 400 గ్రాములు, పల్లీలు 150 గ్రాములు, తెల్ల నువ్వులు 50 గ్రాములు తీసుకోండి. పల్లీలను సన్నని సెగ మీద, లోపలి పప్పు లేత గోధుమ రంగుకు వచ్చేదాకా వేయించి, పొట్టు చెరిగేయండి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఒక్కటి కూడా ఉంచకండి. తడి తగిలిన పల్లీలకు పట్టే బూజు కాలేయానికి విషం. నువ్వులు చిటపటలాడగానే దించండి. ఒక చెంచా జీలకర్ర, నాలుగు మిరియాలు కూడా వేయించి చేర్చండి. అన్నీ పూర్తిగా చల్లారాక మిక్సీలో ఆగి ఆగి తిప్పండి. ఏకబిగిన తిప్పితే పల్లీల నూనె బయటికి వచ్చి పొడి కాస్తా ముద్ద అవుతుంది. 600 గ్రాముల పొడి, రోజుకు 60 గ్రాముల చొప్పున, పది రోజులకు వస్తుంది. మూత బిగువుగా ఉన్న డబ్బాలో తడి చెంచా తగలకుండా ఉంచితే రెండు వారాల దాకా బాగుంటుంది. ఆ తర్వాత పల్లీల వల్ల కనరు వాసన వస్తుంది కనుక ఒకేసారి ఎక్కువ చేసి పెట్టుకోకండి.

ఆ 60 గ్రాముల పొడిలో సుమారు 260 కెలోరీలు, 13 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. ముప్పాతిక కప్పు పెరుగును చిలికిన మజ్జిగలో కలిపితే 350 కెలోరీలు, 17 గ్రాములకు పైగా ప్రొటీన్ అవుతుంది. పక్కన ఒక అరటిపండు పెడితే సాఫ్ట్‌వేర్ అబ్బాయి నీళ్లలో కలుపుకొని తాగిన పొడికి రెండు రెట్లు మించిన తిండి. డబ్బా పొడుల్లో ఉన్నట్టు విటమిన్లన్నీ కొలత ప్రకారం ఇందులో ఉండవన్న మాట నిజమే. ఇంటికి వచ్చి రెండింటికి తినే అన్నంలో ఆకుకూరా, కూరగాయా ఉంటే ఆ కొరత తీరుతుంది.

కలిపే పద్ధతి కూడా చెబుతాను. మజ్జిగ అంతా ఒకేసారి పోస్తే ఉండలు కడుతుంది. పొడిలో ముందు నాలుగు చెంచాల మజ్జిగ వేసి చట్నీలా గట్టిగా కలిపి, ఆ తర్వాత మిగతాది పోయాలి. మీ వారు బస్సు ఆగిన చోట కలుపుకోవాలి కనుక పొడిని వెడల్పు మూతి సీసాలో, తోడుకున్న పెరుగును విడిగా చిన్న స్టీలు గిన్నెలో ఇవ్వండి. వేసవిలో పెరుగు పులిసిపోతే మంచినీళ్లు, నిమ్మకాయ చెక్క చాలు. బీపీ ఉంటే ఉప్పు వేయకండి. ఈ పొడి పీచుతో కూడినది, దానికి తగినన్ని నీళ్లు తాగకపోతే కడుపు బిగుస్తుంది. దారిలో మరుగుదొడ్డి దొరకదని కండక్టర్లు నీళ్లు తాగడమే మానేస్తారు, ఆడవాళ్లయితే మరీను. బస్‌స్టేషన్‌లో ఆగే వేళలను చూసుకొని, ఆగడానికి అరగంట ముందు ఒక గ్లాసు చొప్పున తాగమని చెప్పండి.

రాగి పిండి కూడా కలపవచ్చా అని చాలామంది అడుగుతారు. రాగులు మంచివే, కాల్షియంలో వాటికి సాటి వచ్చే ధాన్యం లేదు. కానీ పచ్చి రాగి పిండిని చల్లటి నీళ్లలో కలుపుకొని తాగకూడదు, అరగదు. జావ కాచి, చల్లార్చి, మజ్జిగ కలిపి ఇవ్వాలి. దానికి నాలుగింటికి పొయ్యి వెలిగించాల్సింది మీరే కనుక, రోజూ చేయాలని నేను చెప్పను.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. చదువు, గిడ్డంగిలో పార్ట్‌టైమ్ ఉద్యోగం మధ్య వండుకునే తీరిక లేదు. ఇక్కడ దొరికే సంపూర్ణాహార పొడినే మూడు పూటలా తాగితే నెల ఖర్చు కూడా తగ్గుతుందని నా రూమ్మేట్ అంటున్నాడు. ప్రమాదమా?

జవాబు: 2014లో అమెరికాలో సాయిలెంట్, 2015లో బ్రిటన్‌లో హ్యూయెల్ అమ్మకానికి వచ్చిన నాటి నుంచి ఈ ప్రశ్న ఉంది బాబూ. అలాంటి పొడులలో ప్రొటీన్, పీచు, విటమిన్లు లెక్క ప్రకారం ఉంటాయి. వారం రోజులు తాగితే ఎవరికీ ఏమీ కాదు. కానీ పప్పు, కూరగాయలు, పండ్లు, గింజలు అన్నీ కలిసి ఇచ్చే వైవిధ్యం ఒకే పొడిలో రాదు. పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులకు రకరకాల పీచు కావాలి, పొడిలో ఉండేది ఒకటి రెండు రకాలే. పైగా మీరు గిడ్డంగిలో బరువులెత్తుతున్నారు. మూడు పూటలకు 1,200 కెలోరీలు మీకు ఏ మూలకూ చాలవు. షిఫ్టు మధ్యలో ఒక పూట తాగండి, అది సరైన వాడకమే. మిగతా రెండు పూటలకు ఒక చిన్న రైస్ కుక్కర్ కొనుక్కోండి. బియ్యం, ఎర్ర కందిపప్పు, ఫ్రీజర్‌లో దొరికే పాలకూర, బఠాణీలు, ఉప్పు, పసుపు ఒకేసారి వేసి మీట నొక్కితే, మీరు స్నానం చేసి వచ్చేసరికి కిచిడీ సిద్ధంగా ఉంటుంది. రెండు పూటలకు సరిపడా చేసి, మిగిలింది గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా వేడిచేసి తినండి. అక్కడ ఎండ తక్కువ. శరత్కాలం నుంచి శీతకాలం చివరి దాకా ప్రతి ఒక్కరూ రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి తీసుకునే విషయం ఆలోచించాలని ఆ దేశ ఆరోగ్య శాఖ చెబుతోంది. మీరు తాగే పొడిలో అది ఎంత ఉందో చూసుకొని, తక్కువైతే మాత్ర వేసుకోండి.

ప్రశ్న: పాలు నాకు పడవు, కడుపు ఉబ్బరిస్తుంది. పొడి నీళ్లలో కలిపినా అలాగే అవుతోంది. ఎందుకు?

జవాబు: పొడిలోనే పాలు ఉండి ఉంటాయి. పదార్థాల జాబితాలో పాల పొడి, వే కాన్సంట్రేట్ (పాల విరుగుడు నుంచి తీసిన పొడి) అని ఉంటే అందులో పాల చక్కెర అయిన లాక్టోజు ఉన్నట్టే. సోయా లేదా బఠాణీ ప్రొటీన్‌తో చేసినది చూడండి. అయినా ఉబ్బరం తగ్గకపోతే, తీపి కోసం వేసిన చక్కెర ఆల్కహాళ్లు, చిక్కుడు జాతి గింజల పీచు, ఇన్యులిన్ అనే మరో రకం పీచు కారణం కావచ్చు. అలాంటప్పుడు సగం కొలతతో మొదలుపెట్టి పది రోజుల్లో పూర్తి కొలతకు రండి. చాలామందికి పాలు పడకపోయినా పెరుగు పడుతుంది కనుక పైన కండక్టర్ గారి ఇల్లాలికి చెప్పిన పొడి మీకూ నప్పవచ్చు.

ప్రశ్న: పొద్దున ఎనిమిదింటికే షేకర్‌లో పాలు పోసి కలిపి బ్యాగులో పెట్టుకొని, మధ్యాహ్నం ఒంటిగంటకు తాగుతున్నాను. ఈ మధ్య షేకర్ నుంచి దుర్వాసన వస్తోంది. ఎంత కడిగినా పోవడం లేదు.

జవాబు: ముందు ఆ అలవాటు మానండి. పాలతో కలిపిన పొడిని బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. మన ఎండాకాలంలో అయితే గంట కూడా ఎక్కువే. ఐదు గంటల తర్వాత రుచిలో తేడా తెలియకపోయినా అందులో సూక్ష్మజీవులు పెరిగి ఉంటాయి. పొడిని పొడిగానే షేకర్‌లో వేసుకొని వెళ్లి, తాగే ముందు ఆఫీసు దగ్గర కొన్న చిన్న పాల ప్యాకెట్టో నీళ్లో పోసుకోండి. దుర్వాసనకు కారణం మూత లోపలి రబ్బరు వాచరు. చాకు మొన కాకుండా చెంచా కాడతో దాన్ని పైకి తీసి, కింద గాడిలో పేరుకున్న పాల జిడ్డును పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. వాచరును, మూతను, లోపలి జల్లెడను వేడినీళ్లలో రెండు చెంచాల వంట సోడా వేసి రాత్రంతా నానబెట్టి, పొద్దున ఎండలో విడివిడిగా ఆరబెట్టండి. ఇకపై తాగిన వెంటనే ఆఫీసు కుళాయి కింద ఒకసారి తొలిచి, మూత తెరిచే బ్యాగులో పెట్టుకోండి. వాచరు నల్లబడి ఉంటే మాత్రం కడగడం మాని, షేకర్‌నే మార్చేయండి.